ఏ చెయ్యి

బోడో ఆసుపత్రి మూడో అంతస్తులో
కిటికీ లేని గది.
పది కుర్చీలు, ఒక ఫ్లాస్కు కాఫీ,
మధ్యాహ్నం రెండింటికే చీకటిపడ్డ జనవరి.
మూత్రపిండాల విభాగం మొత్తం అక్కడే ఉంది:
డాక్టర్లిద్దరు, నర్సులం అయిదుగురం,
పథ్యం చెప్పే అమ్మాయి,
అపాయింట్‌మెంట్లు రాసే యోర్గెన్ కూడా.

శిక్షణ ఇవ్వడానికి వచ్చిన రాగ్న్‌ఫ్రిడ్
బోర్డు మీద ఏమీ రాయలేదు.
"ఒక ప్రశ్న అడగండి.
తరవాత లోపల్లోపల ఏడు దాకా లెక్కపెట్టండి.
అంతవరకూ నోరు విప్పొద్దు" అంది.

అంతే.
ఇందుకా, వార్డులో పనులు మానుకుని వచ్చాం అనుకున్నాను.

మొదట డాక్టర్ ఐస్టైన్ రోగి అయ్యాడు.
ఇరవై రెండేళ్ళ అనుభవం మీద కాగితపు గౌను.
నేను డాక్టర్‌ని.
"మీకు ఏది ముఖ్యం?" అన్నాను.
ఒకటి. రెండు. మూడు.
మూడు దగ్గరే నాలుక జారింది:
"చాలామంది వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కే..."
రాగ్న్‌ఫ్రిడ్ చెయ్యెత్తింది.
మళ్ళీ.
నాలుగు దగ్గర యోర్గెన్ దగ్గాడు.
మళ్ళీ.
అయిదోసారికి ఏడు దాటింది,
తొమ్మిదీ దాటింది.
ఐస్టైన్ గౌను అంచు మడుస్తూ విప్పుతూ
"నన్ను ఇదివరకెవరూ అడగలేదు" అన్నాడు.
నటిస్తున్నాడో లేదో ఎవరికీ తెలియలేదు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు.
మేం అడక్కుండానే వడ్డించేవాళ్ళం,
విస్తరి నిండా మాకు నచ్చినవి.
తినకపోతే ఫైల్లో రాసేవాళ్ళం:
"రోగి సహకరించడం లేదు."

గురువారం ఓడెక్కి ఒద్నీ వచ్చింది.
డెబ్భై ఒకటి. లోఫోటెన్ దీవుల మనిషి.
కోటు మీద ఉప్పు చారలు,
కాళ్ళలో నీరు, రక్తంలో చెత్త.
నా కాగితం మీద మూడు గళ్ళు:
ఆసుపత్రిలో యంత్రం,
ఇంట్లో రాత్రిపూట పొట్టలోకి ద్రవం,
రెండూ వద్దంటే మందులతో, మాటతో తోడుండడం.
మూడోది చదివేప్పుడు గొంతు తగ్గించేదాన్ని ఇదివరకు.
ఈసారి తగ్గించలేదు.

"మార్చిలో మీరేం చేస్తుంటారు?"
ఒకటి. రెండు.
రేడియేటరు చప్పుడు.
నాలుగు. అయిదు.
ఆరు దగ్గర ఆమె కోటు పైగుండీ విప్పింది.

"పిల్లలకి కాడ్ చేపల నాలుకలు కొయ్యడం నేర్పుతాను.
తలని మేకుకి గుచ్చాలి, ఒక్కటే కోత.
కిలోకి ఇంతని వచ్చే డబ్బు వాళ్ళదే.
ముప్ఫై ఏళ్ళలో వేలు కోసుకున్నవాడు ఒక్కడే,
వాడు నా కొడుకే."
కత్తి పట్టినట్టు గాల్లో చూపించింది,
ఎడమ చేత్తో.

ఫైలు తిరగేశాను.
ఫిస్టులా ఆపరేషన్: ఎడమ చెయ్యి.
తేదీ కూడా వేసేశాం.
లోకమంతా కుడిచేతివాటమే అన్నట్టు
కింద ఐస్టైన్ సంతకం,
దాని కింద, సరిచూసినట్టుగా, నాది.

చెప్పేశాను. తప్పు మాదని కూడా.
ఒద్నీ కోప్పడలేదు, నవ్వలేదు.
"ఇప్పుడడిగారుగా" అంది.

గళ్ళ కింద పెన్నుతో కొత్త వరుస గీశాను:
"కత్తి పట్టగలనా?"
జవాబులు రాయడానికి ఐస్టైన్‌ని పిలిచాను.
ఒక గడిలో ఆయన "తెలియదు" అని రాశాడు.
ఆ మాట ఆయన దస్తూరీలో చూడడం అదే మొదలు.

ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి
లోపలి జేబులో వేసుకుంది.
చేపలు వచ్చేలోగా చెప్తానంది.
తేదీ ఏదని యోర్గెన్ అడిగితే
ఖాళీగా ఉంచమన్నాను.

గుమ్మం దగ్గర ఆగి
"మీరైతే ఏం చేస్తారు?" అంది.

ఈసారి లెక్కపెట్టింది ఆమె.

"నాది కుడిచేతివాటమండీ" అన్నాను.